తుపాకి అగ్గువే తమ్మీ, మిగిలిందే పిరం

అమెరికల ఉన్న మనోళ్ల వాట్సాప్ గ్రూపులల్ల ముచ్చట మారింది. ఇదివరకు చింతపండు యాడ దొరుకుతది, సెకండ్ హ్యాండ్ కారు ఏది కొనాలె, దసరాకు టికెట్ ఎప్పుడు అగ్గువైతది అని అడుగుకునేటోళ్లు. ఇప్పుడు నడుమ నడుమ ఇంకో ప్రశ్న పడుతంది. "నాలుగు వందల డాలర్లల్ల అంగీ కింద దాసుకునే తుపాకి ఏది మంచిగుంటదన్నా? దానికి హోల్‌స్టర్ ఏది తీసుకోవాలె?" అడిగేది రౌడీలు గాదు. రాత్రిపూట గ్యాస్ స్టేషన్ గల్లా మీద కూసునేటోళ్లు, అప్పో సప్పో చేసి చిన్న దుకాణం పెట్టుకున్నోళ్లు, డ్యూటీ దిగి ఒక్కతే కారు దాకా నడిచే ఆడివిల్లలు.

నన్ను ఈ ముచ్చటలకు గుంజింది మా మేనత్త కొడుకు. డల్లాస్ దిక్కు గ్యాస్ స్టేషన్ నడిపిస్తడు. గ్యాస్ స్టేషనంటే మన పెట్రోల్ బంకే, దానికి ఒక కొట్టు అంటుకోని ఉంటది. సిగరెట్లు, బీర్లు, లాటరీ టికెట్లు అన్నీ అండ్లనే. "బామ్మర్దీ, నువ్వు చట్టాలు తిరగేస్తవు గద, జర సూసి చెప్పు" అన్నడు. నేను తుపాకి కాల్చినోన్ని గాదు, అమెరికకు పోయినోన్ని గాదు. పదో తరగతి తర్వాత నా సదువంత లైబ్రరీలల్ల, కోర్టు తీర్పులల్ల, ఫోన్ల నడిచిందే. కానీ తుపాకి తిరిగే ఊరు ఎట్లుంటదో మా తరానికి ఎరుకే. రాత్రి ఒకలు పట్టుకోని వచ్చేటోళ్లు, తెల్లారి ఇంకొకలు. సరే, అది వేరే కథ. బావ అడిగిందానికి నెల రోజులు సదివిన. సదివినంక తెలిసిందేందంటె, ఈ మొత్తం యవ్వారంల తుపాకే అన్నిటికన్న అగ్గువ.

ముందుగాల్ల సూడాల్సింది తుపాకి ధర గాదు, పాస్‌పోర్ట్‌ల ఉన్న వీసా ముద్ర.

రీల్స్ సూసి మనోళ్లు ఏమనుకుంటరంటె, అమెరికల తుపాకి రాజ్యాంగ హక్కు, ఆడ దిగిన ప్రతి ఒక్కలకు ఉంటది అని. ఉండది. ఆడి కేంద్ర చట్టం 18వ టైటిల్‌ల 922 సెక్షన్ అని ఒకటున్నది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా, హెచ్-1బి ఉద్యోగం వీసా, అమ్మానాయిన పొయ్యే విజిటర్ వీసా, ఇసొంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న మనిషి తుపాకి దగ్గర పెట్టుకునుడే నేరం. ఒక్క తూటా పెట్టుకున్నా నేరమే. కొనుడు ఒక్కటే గాదు, పెట్టుకునుడు. 2022ల చట్టం మార్చి ఈ నేరానికి ఉన్న శిక్షను 10 ఏండ్ల నుంచి 15 ఏండ్ల దాకా పెంచిన్రు. శిక్ష అయినంక దేశం నుంచి ఎల్లగొట్టుడు వేరే. తుపాకి కేసు అంటెనే ఇమ్మిగ్రేషన్ చట్టంల బయటికి పంపెటందుకు ఒక కారణం. గ్రీన్ కార్డ్ ఉన్నోళ్లకు, పౌరసత్వం వచ్చినోళ్లకు ఈ అడ్డం లేదు. మా బావకు గ్రీన్ కార్డ్ ఉంది, ఆయన కొనొచ్చు.

ఇంక ఆ చట్టంల ఒక సందు ఉంది, దాన్ని పట్టుకోని కొందరు తెలివి చూపిస్తరు. ఏదన్న రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉంటె ఈ వీసాలోళ్లు కూడ తుపాకి పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌ల కొన్ని డాలర్లు కట్టి వేట లైసెన్స్ తీసుకుంటరు, జింకను జన్మల కాల్చరు, పిస్తోల్ కొనుక్కుంటరు. చట్టం మాట ప్రకారం ఆ సందు నిజమే. కానీ లైసెన్స్‌కు గడువుంటది. గడువు దాటిన తెల్లారి అదే పిస్తోల్ అదే సొరుగుల ఉంటే అది నేరం. దాసుకోని తిరుగుడు అనేది మళ్ల ఇంకో లెక్క, అది రాష్ట్రానికో తీరు. క్లాసులు, అసైన్‌మెంట్లు, ఓపీటీ తారీఖులే యాది పెట్టుకోలేక ఆగమైతున్న పోరగానికి, 15 ఏండ్ల జైలు ఏలాడే ఇంకో తారీఖు ఎందుకు?

సుప్రీంకోర్టు దాకా పోయిన కేసు ఒకటుంది. యూఏఈ నుంచి ఎఫ్-1 మీద ఫ్లోరిడాకు సదువ పోయిన రెహైఫ్ అనే పిలగాడు. మార్కులు రాక కాలేజీ తీసేసింది, దాంతోని వీసా హోదా పాయె. తర్వాత ఒక షూటింగ్ రేంజ్‌కు పోయి ఆడి తుపాకులతోని కాల్చిండు. సొంత తుపాకి గూడ గాదు. కేసు పెట్టిన్రు, శిక్ష పడ్డది. 2019ల సుప్రీంకోర్టు ఏమన్నదంటె, తన హోదా పోయిందని అతనికి ఎరుకేనని సర్కారు రుజువు చెయ్యాలె అన్నది. ఆ మాట చెప్పించుకునేటందుకు ఆ పిలగాడు ఎన్ని కోర్టులు ఎక్కాల్సి వచ్చిందో సూడండి. మనోళ్లు శని, ఆదివారాలు సోపతిగాళ్లతోని రేంజ్‌కు పోయి ఫోటో దిగి ఇన్‌స్టాల పెడుతున్నరు. వేట లైసెన్స్ లేని ఎఫ్-1 చేతిల కిరాయి తుపాకి ఉన్న ఫోటో అంటె, సర్కారు పనిని మనమే సగం చేసి పెట్టినట్టు.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. బావ దుకాణంల రాత్రి 11 నుంచి పొద్దుగాల్ల 6 దాకా కూసునేది బావ గాదు. మన దిక్కు నుంచి పోయిన ఒక ఎఫ్-1 పిలగాడు. కాలేజీ బయట గట్ల పని చేసుడే వీసాకు ముప్పు, అందుకే జీతం చేతిల పెడతరు, కాయితం ఉండది. బావ ఆలోచనేందంటె, తను పిస్తోల్ కొని గల్లా కింద పెట్టిపోతడట, పిలగానికి ధైర్యంగ ఉంటది అని. బావ మంచిగనే అనుకున్నడు. కానీ ఆ గల్లా కింది సొరుగుకు చెయ్యి అందేటట్టు కూసున్నోని మీద, తుపాకి అతని దగ్గర ఉన్నట్టే అని కేసు పెట్టొచ్చు. పేరు బావదైనా సరే. తెలిసి తెలిసి వీసా పిలగాని చేతికి తుపాకి అందించిన బావకు కూడ అదే 15 ఏండ్ల సెక్షన్. రేపు దొంగ వచ్చి, పిలగాడు తన పాణం కాపాడుకునేటందుకే కాల్చినా, దొంగ సంగతి ఎట్లయినా కానీ, పోలీసులు అడిగే రెండో ప్రశ్న "నీ వీసా ఏంది?" అనే. సోపతిగాని పేరు మీద కొనిపిచ్చుకునుడు గూడ అంతే. దుకాణంల నింపే ఫారంల "ఈ తుపాకి నీకేనా?" అని అడుగుతరు. అబద్ధం రాస్తె అదో నేరం, ఇంకొకల కోసం కొనుడు 2022 నుంచి సొంతంగనే ఇంకో నేరం.

గందుకే ఈ కింద రాసేది గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉన్నోళ్లకు. మిగిలినోళ్లు సదువుండ్రి, కొనకుండ్రి.

నాలుగు వందల డాలర్లల్ల పిస్తోల్ వస్తదా అంటె వస్తది. టారస్ కంపెనీ జీ3సీ 250 నుంచి 300 మధ్యల, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ రకాలు 300 పైన, గ్లాక్ 43ఎక్స్ అయితె 450 దాటుతది, అటు ఇటుగ. హై-పాయింట్ సీ9 అని ఇంకా అగ్గువది 200 లోపట ఉంటది. కాలుస్తది గనీ ఎనిమిది వందల గ్రాముల పైన బరువు, ఇటుక లెక్క ఉంటది, అంగీ కింద దాసుడు కష్టం. పోలీసులు వాడి మార్చేసిన పాత గ్లాక్‌లు కూడ దుకాణాలల్లకు వస్తయి. పైన గీతలు పడ్డా లోపట పెద్దగ అరగవు, కొత్త అగ్గువ దానికన్న పాత మంచిది నయం అని తెలిసినోళ్లు అంటరు. మన దగ్గర పాత ట్రాక్టర్ కొనేటోనికి ఈ లెక్క చెప్పాల్సిన పని లేదు.

మనోళ్లు చేసే పెద్ద పొరపాటు, చిన్నది కొనుడు. చెయ్యి చిన్నగుంది కాబట్టి చిన్న తుపాకి అని మొగుడు పెండ్లానికి రూగర్ ఎల్‌సీపీ అసొంటిది కొనిస్తడు. అది మూడు వందల గ్రాములు గూడ ఉండది, జేబుల వెడితె యాదికే ఉండది. కానీ తుపాకి ఎంత తేలిక ఉంటె కాల్చినప్పుడు చెయ్యికి అంత దెబ్బ తగులుతది. పట్టుకునే జాగ రెండు వేళ్ల మందం, గురి చూసే దూరం బెత్తెడు. రెండు సార్లు కాల్చినంక ఆమె దాన్ని మళ్ల ముట్టదు. సాధన లేని తుపాకి పర్సుల తిరుగుతది. కొంచెం పెద్దగ, మొత్తం చెయ్యి పట్టేటట్టు ఉండే 9 ఎంఎం పిస్తోల్ కొత్తోనికి కాల్చుడు సులువు, తూటా గూడ అగ్గువకే దొరుకుతది. కొనే ముందు రేంజ్‌ల ఆ రకందే కిరాయికి తీసుకోని యాభై తూటాలు కాల్చి చూడాలె. నాలుగు వీడియోలు సూసి కొనుడు కన్న ఆ కిరాయి పైసలు నయం.

ఇగ హోల్‌స్టర్. హోల్‌స్టరంటె తుపాకి ఒర. నాలుగు వందల బడ్జెట్ పెట్టుకున్నోడు తుపాకికి 380 పెట్టి, మిగిలిన 20ల హోల్‌స్టర్ కొంటడు. ఆడనే పాణం పోతది. కొత్త కాలం పిస్తోళ్లల్ల చాలావాటికి బయట ఖట్కా ఉండది. ట్రిగ్గర్ వెనుకకు పోయిందంటె పేలుతది. ఏలు గుంజినా, అంగీ అంచు ఇరుక్కోని గుంజినా, జేబుల తాళంచెవి తగిలి గుంజినా దానికి తేడా తెల్వది. అంటె నడుముకున్నంత సేపు ఆ తుపాకికి ఉన్న ఖట్కా హోల్‌స్టరే. పదిహేను డాలర్లకు దొరికే మెత్త నైలాన్ సంచి, "అన్ని సైజులకు సరిపోతది" అని రాసి ఉంటది. అన్నిటికి సరిపోయేది దేనికీ సరిపోదు. కొన్నాళ్లకు దాని మూతి ముడత పడ్తది. తుపాకి లోపటికి దోపేటప్పుడు ఆ ముడతనే ట్రిగ్గర్ల దూరుతది. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తోని ఆ ఒక్క మోడల్‌కే అచ్చు పోసిన హోల్‌స్టర్ 40 నుంచి 80 డాలర్ల దాకా ఉంటది. బడ్జెట్ల ఏదన్న తగ్గియ్యాలంటె తుపాకిల తగ్గియ్యాలె, దీంట్ల గాదు.

మంచిదా కాదా తెలుసుకునుడు కష్టమేం గాదు. తుపాకి ఖాళీ అని రెండు సార్లు చూసుకోని, తూటాలు ఇంకో అర్రల పెట్టి, హోల్‌స్టర్ల దోపాలె. బయట నుంచి ఏ దిక్కు ఒత్తినా ట్రిగ్గర్ కదలొద్దు. తలకిందులు చేసి మంచం మీద ఊపితె జారి పడొద్దు. తుపాకి తీసినంక హోల్‌స్టర్ మూతి మూసుకపోవద్దు, ఒక్క చేత్తోని మళ్ల పెట్టరావాలె. క్లిప్ బెల్టును గట్టిగ పట్టాలె, లేకుంటె తుపాకి గుంజితె హోల్‌స్టర్ గూడ కలిసి వస్తది. బెల్టు గూడ మామూలుది బరువుకు వంగుతది, గట్టిది ఇంకో నలభై. బొడ్డు పక్కన పెట్టుకునే ఫ్యాషన్ ఒకటుంది, తీసుడు సులువని. తుపాకి మూతి ఎటు దిక్కు చూస్తదో నేను విప్పి చెప్పను. నడుము పక్కకు పెట్టుకుంటె, దుకాణంల బీరు డబ్బాలు ఎత్తెటందుకు వంగినప్పుడల్లా అంగీ లేసి కనపడ్తది. ఎట్ల పెట్టినా, మళ్ల లోపటికి పెట్టేటప్పుడు తొందర పడొద్దు. అంగీ పక్కకు గుంజి, కండ్లతోని సూసి, ఏలు బయటికి చాపి, మెల్లగ పెట్టాలె. తీసుడు జల్దీ కావాల్నేమో గనీ, పెట్టుడుకు ఎవ్వడు పందెం కాయలే.

ప్లాక్సికో బర్రెస్ అని అమెరికన్ ఫుట్‌బాల్ల పెద్ద ఆటగాడు. కోట్ల డాలర్ల కాంట్రాక్ట్, సూపర్ బౌల్ గెలిపించిన మనిషి. 2008 నవంబర్ల న్యూయార్క్‌ల ఒక క్లబ్‌కు హోల్‌స్టర్ లేకుండ గ్లాక్ పిస్తోల్‌ను జిమ్ ప్యాంటు నడుముల దోపుకోని పోయిండు. జారింది, పట్టుకోబోయిండు, పేలింది, సొంత తొడల దిగింది. న్యూయార్క్‌ల లైసెన్స్ లేదు, ఫ్లోరిడాది గడువు దాటింది. రెండేండ్ల జైలు శిక్ష పడ్డది. ఆయన దగ్గర లేనిది పైసలు గాదు.

పర్సుల పెట్టుకుంటమనే ఆడోళ్లకు ఇంకోటి చెప్పాలె. 2014 డిసెంబర్ ఆఖర్ల ఐడహో రాష్ట్రంల ఒక వాల్‌మార్ట్ దుకాణం. తుపాకికని సపరేటుగ జిప్పు అర కుట్టిన పర్సే ఆమెది, మంచిదే. పర్సు సామాన్ల బండిల పెట్టింది. పక్కన కూసున్న రెండేండ్ల కొడుకు జిప్పు తీసిండు. తల్లి ఆడనే పాణం ఇడిసింది. పర్సు ఒంటి మీద ఉండది, పిల్లలు ఉంటరు. ఇంతకన్న నేను చెప్పేది లేదు.

ఇప్పుడు లెక్క కడుదాం. పిస్తోల్ 280, హోల్‌స్టర్ 60, బెల్టు 40, ఇంకో మ్యాగజైన్ 25. సాధనకు మూడు వందల తూటాలంటె 75 దాకా, దగ్గర పెట్టుకునే మొన గుంట తూటాలు ఒక డబ్బా 25. ఇంట్ల తాళమేసి పెట్టేటందుకు చిన్న ఇనుప పెట్టె 40, ఒక్క దినం క్లాసు 100. ఆరు వందల నలభై దాటింది. తుపాకి దాంట్ల సగం గూడ లేదు. ఇదంత మొదటి నెలకే, సాధన అనేది నెల నెల ఉండేది. ఈ మిగిలిన సగం పెట్టలేనోడు మొదటి సగం పెట్టుడు ఎందుకు?

అగ్గువ తుపాకుల కథ జర పాతది, దాంట్ల రాజకీయం ఉంది. 1968ల అమెరికా చట్టం బయటి దేశాల నుంచి వచ్చే చిన్న, నాసిరకం పిస్తోళ్లను ఆపింది. ఆపితె ఏమైంది? లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల అవే నాసిరకాలు తయారు చేసే ఫ్యాక్టరీలు లేచినయ్, ఎందుకంటె ఆ చట్టం దిగుమతికే, ఆన్నే తయారైనవాటికి గాదు. అండ్ల బ్రైకో అనే కంపెనీ పిస్తోల్‌ను ఖాళీ చెయ్యాలంటె ముందు ఖట్కా తీసి పేలే స్థితిల పెట్టాలె. 1994ల కాలిఫోర్నియాల ఒకలు గట్ల ఖాళీ చెయ్యబోతుంటె పేలి, ఏడేండ్ల పిలగాని మెడకు తగిలి జన్మంత మంచాన పడ్డడు. 2003ల జ్యూరీ కోట్ల డాలర్ల పరిహారం ఏసింది, కంపెనీ దివాళా తీసింది.

అప్పటి సంగతి అని తీసేయొద్దు. టారస్ పాత మోడళ్లు కింద పడితె పేలుతున్నయని కేసు అయ్యి, దాదాపు పది లక్షల పిస్తోళ్ల మీద 2015ల కంపెనీ రాజీకి వచ్చింది. తప్పు ఒప్పుకోలే, రాజీ చేసుకున్నది. ఇప్పుడు అమ్మే జీ3సీ ఆ లిస్టుల లేదు, కానీ పాతవి సెకండ్ హ్యాండ్ల ఇంకా తిరుగుతయి, కొనేటోడు మోడల్ నంబర్ సూసుకోవాలె. పిరం దాంట్ల తక్కువున్నదా? సిగ్ కంపెనీ పీ320 అగ్గువది గాదు, అది గూడ ఒక తీరుగ పడితె పేలుతదని తేలి 2017ల ఉచితంగ మార్చిస్తమన్నరు. ఇంక నాకు మండేది ఇక్కడ. అమెరికల మిక్సీలు, ఉయ్యాలలు, పిల్లల బొమ్మలు సూసే వినియోగదారుల భద్రతా సంఘం ఉంది. బొమ్మ తుపాకి మూతికి నారింజ రంగు ముక్క ఉండాలని చట్టమే ఉంది. కానీ నిజం తుపాకి ఆ సంఘం కిందికి రాదు, 1972 చట్టంలనే పక్కకు పెట్టిన్రు. తుపాకి డొల్లదైతె వాపస్ తీసుకో అని కంపెనీకి హుకుం ఇచ్చే సర్కారు ఆఫీసు లేదు. బడ్జెట్ల కొనేటోడు ఎవ్వలు పరీక్ష చెయ్యని సామాను కొంటున్నడు, పరీక్ష అతని నడుము మీదనే అయితది.

ఇగ తుపాకి మంచిదైంది, హోల్‌స్టర్ మంచిదైంది, కాయితం అంత సరిగుంది అనుకుందాం. 29 రాష్ట్రాలల్ల ఇప్పుడు పర్మిట్ లేకుండనే దాసుకోని తిరగొచ్చు, టెక్సాస్‌ల 2021 నుంచి. ఇల్లినాయ్‌ల 16 గంటల ట్రైనింగ్, న్యూయార్క్‌ల 18 గంటలు. ఒక రాష్ట్రం పర్మిట్ పక్క రాష్ట్రంల చెల్లాలని లేదు, ఫిలడెల్ఫియా నుంచి న్యూజెర్సీకి బ్రిడ్జి దాటినందుకే జైలుకు పోయినోళ్లున్నరు. టెక్సాస్‌ల బారు ముంగట ఎర్రగ 51 అని బోర్డు ఉంటె తుపాకితోని లోపటికి పోవద్దు. ఇవన్నీ సదువుకుంటె తెలుస్తయి. సదువుకున్నా పోనిది ఒంటి రంగు.

ఫిలాండో కాస్టిల్ అని మినెసోటల ఒక బడి వంటశాల సూపర్‌వైజర్, నల్లాయన. పర్మిట్ ఉంది. 2016 జులై 6న పోలీసు కారు ఆపిండు. "సార్, నా దగ్గర తుపాకి ఉంది" అని మర్యాదగ తనే చెప్పిండు, క్లాసులల్ల నేర్పేది గదే. ఆ మాట అయిన సెకండ్లల్ల పోలీసు ఏడు సార్లు కాల్చిండు. కార్ల వెనుక సీట్ల నాలుగేండ్ల పాప ఉన్నది. తెల్లారి ఏడాది జ్యూరీ ఆ పోలీసుది తప్పు లేదన్నది. ఇంకా వెనుకకు పోతె, 1956ల మాంట్‌గోమరీల ఇంటి మీద బాంబు పడ్డంక మార్టిన్ లూథర్ కింగ్ తుపాకి దాసుకునే పర్మిట్‌కు దరఖాస్తు పెట్టిండు. ఇయ్యలే. హక్కు అందరిదని పుస్తకంల ఉంటది, ఎవ్వల నడుముకుంటె ఎట్ల కనపడ్తదన్నది వేరే. మన తోలు రంగు వాళ్లకు ఏ గంపల పడ్తదో 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌ల ఓలేత్ బార్ల తెలిసింది. "నా దేశం నుంచి పో" అని అరిచి మన హైదరాబాద్ ఇంజినీర్‌ను కాల్చి చంపినోడు ఇరానోళ్లనుకున్ననన్నడు. ఆ దినం అడ్డం పోయి తూటా తిన్న తెల్లాయన చేతిల గూడ తుపాకి లేదు.

ఇంకో లెక్క ఉంది, దాన్ని గ్రూపులల్ల ఎవ్వలు మాట్లాడరు. 2023ల అమెరికల తుపాకితోని సచ్చినోళ్లు సుమారు 47 వేలు. అండ్ల 27 వేల మందికి పైగ ఆత్మహత్యలు. సగం కన్న ఎక్కువ. దొంగ కోసం కొన్న తుపాకి ఇంట్లనే ఉంటది, దొంగ మాత్రం రోజు రాడు. రోజు వచ్చేది బ్యాంకోని ఫోన్. ముప్పై నలభై లక్షల అప్పు, కుదువ పెట్టిన రెండెకరాలు, వెయ్యి అప్లికేషన్లు పెట్టినా రాని ఇంటర్వ్యూ, ఇంటికి ఫోన్ చేస్తె "మంచిగున్న అమ్మా" అనే అబద్ధం. ఆ పిలగాడు ఉండే అర్రల తాళం లేని సొరుగుల తుపాకి ఉండుడు నాకు దొంగ కన్న బుగులు. ఒక ఫ్లాట్ల ఐదుగురుంటె, కాయితమున్న ఒక్కని తుపాకి ఐదుగురి చేతికి అందుతది. ఆ నలభై డాలర్ల ఇనుప పెట్టెను లెక్కల నుంచి కొట్టేసేటోడు ఇది సదువాలె. తుడుస్తుంటె పేలి పోయిన మన పిలగాని వార్త గూడ మీరు సూసే ఉంటరు.

దేశం ఇడిసి వచ్చేటప్పుడు గూడ ఒక మాట. రేంజ్‌కు తీసుకపోయిన బ్యాగు అడుగున ఒక్క తూటా మర్సిపోతె, అది శంషాబాద్ స్కానర్ల కనపడ్తది. మన 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేని తూటా గూడ కేసే. ఆర్నెల్ల సెలవు అనుకోని వచ్చినోడు పోలీస్ స్టేషన్, కోర్టు చుట్టు తిరుగుతడు. రేంజ్ బ్యాగు, విమానం బ్యాగు ఒక్కటి కావొద్దు.

మరి రాత్రి గల్లా మీద కూసున్నోడు ఏం చెయ్యాలె, దండం పెట్టాల్నా అని మీరు అడుగుతరు. అడగాలె. కానీ ఎవ్వలను అడగాలె అన్నదే నా పంచాయితి. ఫ్లోరిడాల 1992 నుంచి ఒక చట్టం ఉంది, రాత్రిపూట నడిచే ఇసొంటి కొట్లకే రాసింది. కెమెరా ఉండాలె, ఇనుప పెట్టె ఉండాలె, పైసలు దాంట్ల పడితె గల్లా మీద ఉన్నోడు గూడ తియ్యలేడు. గల్లాల 50 డాలర్లకు మించి లేవని తలుపు మీద రాసి పెట్టాలె. అద్దాలకు పోస్టర్లు అతికిచ్చి లోపట కనపడకుండ చెయ్యొద్దు, బయట లైట్లు ఉండాలె. పెద్ద నేరం జరిగిన కొట్టైతె రాత్రి 11 నుంచి పొద్దుగాల్ల 5 దాకా ఇద్దరు పనోళ్లన్న ఉండాలె, తూటా దిగని అద్దం వెనుకన్న కూసోపెట్టాలె, కాకుంటె అసొంటిదే ఇంకో ఏర్పాటన్న చెయ్యాలె. దొంగ వచ్చేది పైసలకు. పైసలు లేని గల్లా, లోపట ఇద్దరు, బయటికి సాఫ్‌గ కనపడే అద్దం ఉన్న కొట్టు ఇడిసి పక్క కొట్టుకు పోతడు. దీంట్ల ఏ ఒక్కటీ ఎఫ్-1 పిలగానికి నేరం గాదు.

కానీ అద్దానికి వేల డాలర్లు అయితయి, రెండో మనిషికి జీతం అయితది, అయ్యేది యజమానికి. 280 డాలర్ల తుపాకి గల్లా కింద పెడితె ఆ ఖర్చంత మిగులుతది. బావ చేద్దామనుకున్నది, మనసుల ఏమున్నా, లెక్కల ఇదే. యజమాని మనోడే, పనోడు మనోడే, ఇద్దరి ఊర్ల నడుమ బస్సు చార్జి యాభై రూపాయలు. అయినా గంటకు ఆరేడు డాలర్లు చేతిల పెట్టి, కాయితం లేని పనికి రాత్రంత ఒక్కన్ని కూసోపెట్టుడు నడుస్తనే ఉంది. ఆ పోరడు ఫిర్యాదు చెయ్యలేడు, చేస్తె ముందు పొయ్యేది అతనే. మన తెలుగు సంఘాలు ఏడాదికోసారి సినిమా హీరోలను పిలిచి స్టేజీలు కడతయి, పాణం పోయిన పిలగాని శవం పంపెటందుకు చందాలు ఏస్తయి. చందాలు ఎయ్యాలె, కాదన. తమ మెంబర్లకే ఉన్న గ్యాస్ స్టేషన్లల్ల రాత్రి ఒక్కన్నే కూసోపెట్టొద్దు అని ఒక్క తీర్మానం చేసిన సంఘం నాకు ఇప్పటిదాక కనపడలే.

ఈ ఫాల్‌కు పొయ్యేటోళ్లు మీల చాలామంది ఉన్నరు. మీ మామనో, అన్న సోపతిగాడో నైట్ షిఫ్ట్ చూపిస్తనంటడు. కాయితం లేని పని వద్దు అని చెప్పుడు సులువు, రూం కిరాయి కట్టేది మీరు, తిండికి పెట్టుకునేది మీరు. ఒకవేళ పోతె గనుక మొదటి దినమే అడుగుండ్రి: గల్లా కింద తుపాకి ఉందా మామా? ఉంటె అది తాళమేసి మీ వెంట ఇంటికి తీసుకపోతరా? రాత్రి నాతోని ఇంకొకలుంటరా, అద్దం ఉంటదా? పైసలు పడేసే పెట్టె తాళం నా దగ్గర ఉండొద్దు, ఉండదని తలుపు మీద రాస్తరా? మామ మొఖం మాడ్చుకోని "గిన్ని అడిగితె పని ఎట్ల దొరుకుతదిరా" అంటె, ఆ కొట్ల ఏమేం లేవో మీకు సమాధానం వచ్చినట్టే.